పడవకారు రేకు కోసం రావికమతం దాకా

మా కాలనీలో సాయంత్రం నడకకు వచ్చేవాళ్ళలో ఒకావిడ నిరుడు స్విట్జర్లాండ్ వెళ్ళొచ్చి, అక్కడి మంచు గురించి రెండు నెలల పదిరోజులు చెప్పింది. నేను ఒక్కరోజు కూడా మానకుండా విన్నాను. కాబట్టి ఇప్పుడు రావికమతం గురించి ఆవిడ వినాల్సిందే.

నేను వెళ్ళింది ఒక రేకు కోసం. అరచెయ్యంత ఉంటుంది. దాని సంగతి చెప్పాలంటే ముందు కారు సంగతి చెప్పాలి.

చోడవరంలో మా అన్నయ్య దగ్గర ఒక అమెరికా కారు ఉంది. కంపెనీ పేరు రాయడం దండగ, ఊళ్ళో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవలేదు. పొడవు చూసి అందరూ పడవకారు అనేవారు. మా నాన్నగారు దాన్ని డెబ్భయ్యో సంవత్సరం డిసెంబరులో, కలకత్తాలో ఒక బ్రోకరు ద్వారా కొన్నారు. స్టీరింగు ఎడమవైపు. అంత దూరం నుంచి దాన్ని తోలుకొచ్చింది మా డ్రైవరు ఎర్రయ్య, ఒక్కడే, నాలుగు రోజులు.

బ్రోకరు రాసిన ఉత్తరంలో "రేడియోతో సహా" అని ఉంది. కారులో రేడియో లేదు. అది ఉండాల్సిన చోట నున్నటి మూత ఒకటి ఉంది. ఉత్తరం పట్టుకుని సామాను సరిచూసే పని నాన్నగారు నాకు అప్పగించారు. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. స్టెప్నీ ఒకటి, జాకీ ఒకటి అని రాసి, రేడియో ఎదురుగా "లేదు" అని రాశాను. నేను రాసింది అంతే. నాన్నగారు దాన్ని "దారిలో అమ్మేశాడు" అని చదువుకున్నారు. వారం తిరక్కుండా ఎర్రయ్యను పంపేశారు. మర్నాడు బానెట్ ఎత్తితే లోపల ఎడమ పక్కన రెండు స్క్రూమరల కన్నాలు, వాటి మధ్య ఒక రేకు ఉండిన గుర్తు. రేకు లేదు. రేడియో చాలక రేకు కూడా పట్టుకుపోయాడన్నారు. ఈ మాట మా ఇంట్లో యాభై ఐదేళ్ళ రెండు నెలలు చెల్లింది.

ఇప్పుడు అన్నయ్యకు ఎనభై మూడు. షెడ్డులో పడి ఉన్న కారును మూడేళ్ళు బాగు చేయించి, పాతకాలపు బండిగా రిజిస్టరు చేయమని అర్జీ పెట్టాడు. చచ్చేలోగా ఒక్కసారి తనే తోలుకుంటూ అనకాపల్లి దాకా వెళ్ళిరావాలని ఆయన కోరిక. జనవరిలో ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. కుర్రవాడే గానీ పని తెలిసినవాడు. టార్చి వేసి ఆ రెండు కన్నాల దగ్గర ఆగిపోయాడు. "ఇక్కడ ఫ్యాక్టరీ రేకు ఉండాలండి. అది లేకుండా ఇది అసలు బండే అని నేను రాయలేను. ఫిబ్రవరి పదహారు, సోమవారం మళ్ళీ వస్తాను" అన్నాడు. అతను రాయకపోతే కారు తుక్కుకి పోతుంది.

అన్నయ్య నాకు ఫోన్ చేశాడు. "ఒసే రాజ్యం, నువ్వు అంకెల మనిషివి. ఆ రేకు సంగతేటో నువ్వే తేల్చు."

మంగళవారం, ఫిబ్రవరి పది: సున్నా టికెట్టు

అమెరికాలో ఇలాంటి కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. పనీపాటా మానుకుని, ఏ అక్షరానికి ఏమర్థమో పట్టికలు వేసి ఇంటర్నెట్లో పెట్టారు. మా మనవరాలు ఇరవై రెండు పేజీలు ప్రింటు తీయించి ఇచ్చింది. పేజీ రెండు రూపాయలు. వాటిని ఒళ్ళో పెట్టుకుని విశాఖపట్నంలో చోడవరం బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా అని అచ్చు వేసిన టికెట్టు ఇస్తారు. ఆ సున్నా కాగితం ఎందుకని అడిగితే కండక్టరు, "లెక్కకమ్మా" అన్నాడు. లెక్క కోసం అంటే నేను మారు మాట్లాడను.

నా పక్కన తేగల కట్టతో ఒకావిడ కూర్చుంది. అడక్కుండానే ఒక తేగ చీల్చి సగం నా చేతిలో పెట్టి కాగితాల్లోకి తొంగి చూసింది.

"బేంకు కాయితాలేటమ్మా?"

"కాదు. పాత కారు మీద రేకుల్లో అంకెలుంటాయి. అది ఏ రోజు తయారైంది, ఏ రంగు, లోపల ఏమేం పెట్టారు, అంతా ఆ అంకెల్లో ఉంటుంది."

"అయితే జాతకమన్నమాట."

"ఇంచుమించు అంతే."

"పెళ్ళేటైనా సేస్తారేటి దానికి?" అంది. ముందు సీట్లో ఇద్దరు నవ్వారు. నేను కూడా నవ్వాను, తేగ తినేశాక.

చోడవరం దగ్గరకొచ్చేసరికి చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. బస్సు ముప్పై ఐదు నిమిషాలు కదల్లేదు. స్విట్జర్లాండులో రైళ్ళు నిమిషం తప్పవట. కానీ ఆగిన రైలు కిటికీలోంచి చెయ్యి చాపి చెరకుగడ లాక్కునే వీలుందో లేదో ఆవిడ చెప్పలేదు.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళాను. మెకానిక్కు అప్పలరాజుకి యాభై దాటాయి. కారుకి నల్లరంగు నిగనిగలాడేలా వేశాడు. ఎడమ తలుపు తీస్తే స్తంభం మీద పోకుండా మిగిలిన రేకు ఒకటుంది. దాని మీద పదమూడు అక్షరాలూ అంకెలూ. పట్టిక పట్టుకుని చదివాను. మొదటి అక్షరం కారు పేరు. మూడో, నాలుగో అంకెలు నాలుగు తలుపుల బండి అని. తర్వాత ఇంజను. ఆరో స్థానంలో అరవై ఆరో సంవత్సరం. అన్నయ్య కుర్చీలో కూర్చుని, "రెండోది వదిలేసేవేం?" అన్నాడు.

రెండో అక్షరం తరగతి. వాళ్ళు తయారుచేసే కార్లను ధరను బట్టి తరగతులుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో అక్షరం ఇచ్చారు.

"మనది తక్కువ ధర తరగతి, అన్నయ్యా."

"సరిగ్గా చూడు."

"చూశాను. దీని కింద ఇంకొక్క తరగతే ఉంది."

బ్రోకరు ఉత్తరంలో "ఉత్తమ తరగతి" అని ఉందని, ఊరందరికీ అదే చెప్పామని అన్నయ్య కాసేపు ఆ అక్షరంతో వాదించాడు. అక్షరం మారలేదు.

అప్పలరాజు మధ్యలో వచ్చి, "అమ్మగారూ, ఆ పోయిన రేకు కోసం ఊర్లు తిరగడమెందుకు? విశాపట్నంలో నేమ్‌ప్లేట్లు సేసేవోడికి సెప్తే గంటలో కొట్టి ఇచ్చీస్తాడు" అన్నాడు.

"ఏ అంకెలు కొట్టిస్తావు?"

"మీకు నచ్చినవి. ఫ్యాన్సీ నంబరు ఏయిద్దాం."

అతనికి ఆ రాత్రే విడమరిచి చెప్పే ఓపిక లేక అన్నయ్య ఇంటికి వచ్చేశాను.

బుధవారం: వడ్డాదిలో ఏడుగురు ఎర్రయ్యలు

ఎర్రయ్యది వడ్డాది. షేర్ ఆటోకి ముప్పై రూపాయలు. ఏడుగురం సర్దుకుని కూర్చున్నాక డ్రైవరు, "జరగండమ్మా, ఇంకొకలు పడతారు" అన్నాడు. ఇంకో నలుగురు పట్టారు. మా విశాఖలో ఆటోలో పక్కవాళ్ళ మోచెయ్యి తగిలితే ముఖం చిట్లిస్తారు. ఇక్కడ ఎవరి మోచెయ్యి ఎవరిదో తెలియదు కనుక ఆ బాధ లేదు. రోడ్డు మీది గోతులు నలభై ఒకటి దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత గోతుల మధ్య రోడ్డును లెక్కపెట్టడం తేలికనిపించింది.

వడ్డాది బజారు చుట్టుపక్కల పల్లెలన్నిటికీ బజారు. వంకాయలు కిలో ఇరవై ఐదు, మా దగ్గర నలభై. ఎండుచేపలు, పలుపుతాళ్ళు, ప్లాస్టిక్ బిందెలు ఒకే కొట్లో అమ్ముతారు. బేరం చేసి కొనకుండా వెళ్ళిపోయినా తిట్టరు, "మల్లీ రండి" అంటారు. ఇక్కడే నా ఎడమ చెప్పు ఉంగటం తెగింది. కుట్టినతను పది రూపాయలు తీసుకుని, రెండోది కూడా ఇంకో వారానికి తెగుతుందని హామీ ఇచ్చాడు.

టీకొట్టులో టీ పది రూపాయలు. కొట్టువాడి పేరు సత్యం.

"డ్రైవరు ఎర్రయ్య ఇల్లు ఎక్కడ బాబూ?"

"ఏ ఎర్రయ్యమ్మా? మా ఊర్లో ఎర్రయ్యలు ఏడుగురు. ఇద్దరు పోనారు."

"పోయినవాడే. చిన్నప్పుడు చోడవరంలో కారు తోలేవాడు."

"ఓలమ్మా, రేడియో ఎర్రయ్యా! అదేదో ముందే సెప్పాల. రేడియోవోలిల్లని అడిగితే గుంటడైనా సూపిస్తాడు."

తెలిసీ అడిగాను. "రేడియోలు బాగుచేసేవాడా?"

"బాగుసెయ్యడం కాదు, ఎత్తీసేడు. చోడవరంలో ఎవలో జమీందారు కారులోది. మా అయ్య సెప్పీవోడు." టీ వడగట్టుకుంటూనే అన్నాడు, కోపం లేకుండా, ఊరి చరిత్ర చెప్పినట్టు. "ఆలింట్లో ఇప్పటికీ ఎవలూ రేడియో కొన్లేదు. మొన్న మనవరాలికి సంబంధం వస్తే పెళ్ళోరు కూడా 'రేడియోవోల పిల్లేనా' అనడిగేరు. నవ్వుకుంటానే అడిగేరనుకో. ముసిల్ది రెండ్రోజులు కూడు ముట్టుకోనేదు."

మాకు జమీ ఏమీ లేదు. ఆరెకరాల చెరకు, ఒక అమెరికా కారు. ఆ సంగతి నేను సత్యానికి చెప్పలేదు. ఆ జమీందారు కూతుర్ని నేనేనని కూడా చెప్పలేదు. టీ సగంలో వదిలేశాను. నేను టీ వదలడం అరుదు.

ఇల్లు తాళం వేసి ఉంది. ఎర్రయ్య భార్య పైడమ్మ రావికమతంలో కూతురి దగ్గరుందని పక్కింటివాళ్ళు చెప్పారు.

గురువారం: రావికమతంలో చింతపండు

రావికమతం నా యాత్రలో దూరపు కొస. వరికోతలు అయిపోయిన పొలాల్లో మినప తీగలు, రోడ్డంతా మోటారు సైకిళ్ళు. ఎక్కడ దిగినా, "ఎవలోలమ్మా మీరు?" అని అడుగుతారు. మా కాలనీలో పదకొండేళ్ళుగా నా ఎదురింటివాళ్ళ ఇంటిపేరు నాకు తెలియదు.

పైడమ్మ అరుగు మీద కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"మీరు సోడారం సిన్నమ్మగోరు కదా?"

"ఎలా గుర్తు పట్టేవు?"

"ముక్కు. మీ అయ్యగోరిదే."

కూర్చోమని చాప వేసింది. చోడంబలి, అంటే రాగి అంబలి, గ్లాసులో పోసి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పక్కన పెట్టింది. తాగి, గ్లాసు కింద పెట్టి, వచ్చిన పని చెప్పాను. రేకు మీ దగ్గరుందా అని అడిగాను.

"ఉంది" అంది. దాచాలనే ఆలోచన కూడా ఆమెకు రాలేదు. "కలకత్తాలో అంతకుముందు ఈ కారున్న దొర దగ్గిర పన్చేసిన డ్రైవరు మా ఆయనకి సెప్పేడట. ఈ కారులో ఏటేటున్నాదో అంతా ఈ రేకు మీద రాసుంటాది, ఎవలైనా అడిగితే ఇది సూపించూ అని. మీ అయ్యగోరు దొంగన్నాక ఆయన అది ఊడదీసి అట్టుకొచ్చేడు. బడి పంతులికి సూపించేడు. పోస్టుమాస్టరుకి సూపించేడు. ఒకాయన టెలిగ్రామన్నాడు, ఒకాయన కారు దరన్నాడు. అచ్చరాలు తెలుసు గాని ఎవలికీ సదవడం రానేదు. మీ ఇంటికే తెచ్చేడు. గేటు దగ్గిరే తరిమీసేరు."

"మాకు ఆ సంగతి తెలీదు."

"మీకు తెలీదు గాని గేటుకి తెలుసు." చాట పక్కన పెట్టింది. "అప్పుడు నాను దేవుడి గూట్లో ఎట్టేసేను. ఇంతమంది సదువుకున్నోలు సదవనేకపోనారంటే అది మడుసులు రాసింది కాదనుకున్నాను. రచ్చరేకనుకోని శుక్రారం శుక్రారం పసుపు రాసేను. ఎక్కడికెల్లినా కూడా తెచ్చుకుంటాను."

తెచ్చి చూపించింది. రేకు కనిపించలేదు, గట్టిపడిన పసుపు ముద్ద కనిపించింది. మధ్యలో కుంకుమ బొట్టు. చరిత్రలో ఏ అమెరికా కారు రేకుకీ ఇంత మర్యాద జరిగి ఉండదు.

కడిగితే గానీ చదవలేను. నన్ను ముట్టుకోనివ్వలేదు. దేవుడి సామాను తోమినట్టు తనే చింతపండు నానబెట్టి, వేళ్ళతో మెల్లగా రుద్దింది. పసుపు నీళ్ళు జారుతుంటే ఒక్కో అంకే పైకొచ్చింది. నేను పేజీలు చాప మీద పరుచుకున్నాను. పద్నాలుగో పేజీని వాళ్ళ మేక తినేసింది. అందులో సీటు గుడ్డల అంకెలున్నాయి. కాబట్టి మా కారు సీట్లు మొదట ఏ గుడ్డతో కుట్టారో నాకు తెలియదు, మేకకి తెలుసు.

మిగతాది చదివాను. మొదట మూడు, ఒకటి, నాలుగు. మూడో నెల, పద్నాలుగో తేదీ. అరవై ఆరు మార్చి పద్నాలుగు సోమవారం. కారు తయారుచెయ్యాలని అనుకున్న రోజు అది, చేశారో లేదో రేకు చెప్పదు.

"సోమారం పుట్టినాదా" అంది పైడమ్మ. "అందికే అంత మొండిది. కశింకోట దగ్గిర దిగబడిపోయిందట."

తర్వాత రంగు. పట్టిక ప్రకారం నెమలికంఠం.

"నల్లకారే కదమ్మా?"

"మీ ఆయన తెచ్చేసరికి నలుపే. పుట్టినప్పుడు నెమలికంఠం. కలకత్తాలో ఎవరో నలుపు వేయించారు."

ఆఖరిది రేడియో. రేడియో పెట్టి పంపిన కారైతే ఒక గడిలో అంకె కొట్టాలి. చూశాను. కళ్ళద్దాలు తుడిచి చూశాను. వేలితో తడిమాను. గడి నున్నగా ఉంది. దాని మీద ఏ అచ్చూ ఎప్పుడూ పడలేదు.

పైడమ్మ నా ముఖం చూస్తోంది. నేను నిజమే చెప్పాలి. "ఫ్యాక్టరీలో రేడియో పెట్టలేదు. అయితే తర్వాత కలకత్తాలో ఎవరైనా పెట్టించుకున్నారేమో ఈ రేకు చెప్పదు. సగం తేలింది."

"యాభై ఐదేళ్ళకొచ్చి సగమేటమ్మా?"

"మిగతా సగం కారు దగ్గరుంది. రేపు చూస్తాను." అక్కడితో ఆగి ఉండాల్సింది. "ఆ రోజు సామాను పట్టీలో రేడియో లేదని రాసింది నేనే, పైడమ్మా."

"లేదు కాబట్టి లేదని రాసేరు. మరి ఆయన తియ్యనేదని ఎందుకు రాయనేదు?"

చింతపండు పిప్పి మేకకి వేసి పైడమ్మ చెయ్యి కడుక్కుంది.

రేకు ఇవ్వనని అనలేదు. అది మీ కారుదే, మీకే చెందాలి అంది. "గాని ఇక్కడ ఇవ్వను. మీ అన్న వడ్డాది రావాల. టీకొట్టు కాడ పదిమందుంటారు. ఆలముందర, ఎర్రయ్య తియ్యనేదని ఆయన నోటితో అనాల. శనివారం నానొస్తాను. ఆయన రాకపోతే రేకు మల్లీ గూట్లోకి పోద్ది, కారు ఎక్కడికి పోద్దో మీరే సూసుకోండి."

బండి ఆఫీసుల్లో చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుతారు కదా, అలా రేకు మీద ఒక పేజీ పెట్టి రుద్ది, ఆ అచ్చు పట్టుకుని వచ్చేశాను.

శుక్రవారం: అరచెయ్యంత చోటు

పొద్దున్నే అప్పలరాజుని అడిగాను. "రేడియోకి ఏం కావాలి?"

"కరెంటు, స్పీకరు, ఏంటెనా."

"ఏంటెనా ఎక్కడ పెడతారు?"

"ముందు మడ్‌గార్డుకి కన్నం ఏసి..." అని ఆగిపోయాడు. నన్ను చూశాడు. కారును చూశాడు. "కన్నం నేదమ్మగారూ."

యాభై ఐదేళ్ళు మేమందరం ఆ కారు చుట్టూ తిరిగాం, తుడిచాం, ఆనుకుని ఫొటోలు దిగాం. ఏంటెనా కన్నం ఎక్కడని ఒక్కళ్ళమూ అడగలేదు. ఎర్రయ్య కూడా అడగలేదంటే, దొంగ అన్న మాట విన్నాక మనిషికి ఇంకేం తోస్తుంది.

అన్నయ్య అప్పటికి వచ్చి కూర్చున్నాడు. "కన్నం పూడ్చీసి రంగేసుంటారు" అన్నాడు. న్యాయమైన అనుమానమే. పట్టికలో ఆ రకం కారుకి ఏంటెనా చోటు కుడి మడ్‌గార్డు మీద చూపించారు. అక్కడ అరచెయ్యంత మేర రంగు గీకమన్నాను. కొత్తగా నిగనిగలాడించిన రంగు. అప్పలరాజు నన్ను తిట్టుకునే ఉంటాడు, కానీ బ్లేడు తీశాడు.

పైన నలుపు. దాని కింద మెరూన్, అది మా నాన్నగారి ముచ్చట. దాని కింద నలుపు, అది కలకత్తాది. దాని కింది రంగు కనబడగానే అప్పలరాజు బ్లేడు ఆపి తడిగుడ్డతో తుడిచాడు. నెమలికంఠం. అరచెయ్యంత మేరా ఒకే రంగు, గీత లేదు, అతుకు లేదు, టంకం లేదు. కింద నుంచి చెయ్యి పెట్టి తడిమి చూశాడు. ఎడమ మడ్‌గార్డు కూడా గీకించాను. అక్కడా అంతే. కన్నం పెట్టి ఉంటే ఈ రంగు తెగి ఉండాలి. ఫ్యాక్టరీ వేసిన రంగు యాభై తొమ్మిదేళ్ళ పదకొండు నెలల తర్వాత తెగకుండా ఉంది.

"ఇప్పుడు సగం కాదు, పూర్తి" అన్నాను.

"బ్రోకరు ఉత్తరంలో రాసుంది కదే."

"ఉత్తమ తరగతని కూడా రాసుంది."

అన్నయ్య ఆ నీలిపచ్చ చోటు మీద వేలు పెట్టి రుద్దాడు. పైడమ్మ షరతు చెప్పాను.

"నాన్నగారు పోయేరు. ఎర్రయ్యా పోయేడు. ఇప్పుడు ఎవరికి సెప్పాలే?"

"పైడమ్మ ఉంది. వడ్డాది ఉంది."

"టీకొట్టు దగ్గర పదిమందిలో నిలబడి సెప్పాలా నేను?"

"కూర్చుని చెప్పొచ్చు. బల్ల ఉంది."

లేచి వెళ్ళిపోయాడు. భోజనానికి పిలిస్తే రాలేదు.

శనివారం: సత్యం టీకొట్టు

పొద్దున్న ఏడున్నరకి అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. షేర్ ఆటో ఎక్కడం ఆయనకు జన్మలో అదే మొదలు. మధ్యలో ఇరుక్కుని, తొడ మీద ఎవరిదో కోడి బుట్టతో వడ్డాది చేరాడు.

పైడమ్మ అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది. చుట్టూ పదిమంది కాదు, పద్దెనిమిది మంది. సత్యం టీ పెట్టడం మానేసి నిలబడ్డాడు. నేనెవరో ముందుగా చెప్పాను. అతను నాలిక కరుచుకున్నాడు. పెన్సిలు అచ్చు తీసి, బుధవారం నుంచి జరిగిందంతా వరసగా చెప్పాను. తేదీ, రంగు, ఖాళీ గడి, ఏంటెనా లేని మడ్‌గార్డు. తక్కువ ధర తరగతి సంగతి కూడా చెప్పాను, అన్నయ్య కాలు తొక్కినా ఆపలేదు.

"అయితే కారులో రేడియోయే నేదా?" అన్నాడు ఒక ముసలాయన.

"ఎన్నడూ లేదు."

"నేని రేడియో ఎత్తుకెల్లిపోయేడని ఇన్నేళ్ళు..." ఆయన మాట పూర్తి చెయ్యలేదు.

పైడమ్మ అన్నయ్య వైపు చూసింది. "అమ్మగోరు బాగా సదివేరు. మీరు సెప్పండి బాబూ."

అన్నయ్య కూర్చునే చెప్పొచ్చు. కానీ లేచి నిలబడ్డాడు.

"ఎర్రయ్య ఏమీ తియ్యలేదు" అన్నాడు. "మా నాన్నగారు తప్పుగా అన్నారు. నేనూ అన్నాను. క్షమించమని అడగడానికి అతను లేడు, మీకు సెప్తన్నాను" అని పైడమ్మకు చేతులు జోడించాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సత్యం వెనక్కి తిరిగి పాలగిన్నె కింద మంట పెంచాడు. "ఇంక మిమ్మల్ని ఏటని పిలవాలే పైడమ్మత్తా?" అన్నాడు కాసేపటికి. "రేడియో నేనివోలనా?"

అందరూ నవ్వారు. పైడమ్మ కూడా నవ్వింది. "పిలు. అది నిజం కాబట్టి పిలు."

పైట చెంగులోంచి రేకు తీసి అన్నయ్య చేతిలో పెట్టింది. పసుపు లేకుండా అది వింతగా కనిపించింది. "దేవుడనుకున్నాను" అంది నాతో. "సాచ్చెమని తెలీదు."

సోమవారం ఇన్‌స్పెక్టరు ఆ రేకు చూసి, అంకెలన్నీ రాసుకుని, అసలు బండే అని సంతకం పెట్టాడు. మడ్‌గార్డు మీద గీకిన చోటు ఏమిటని అడిగితే అన్నయ్య, అది అలాగే ఉంటుందని చెప్పాడు. ఇది తర్వాత సంగతి.

శనివారం మేం ఆటో ఎక్కబోతుంటే పైడమ్మ మళ్ళీ పిలిచింది. బొడ్లోంచి ఒక తలనొప్పి మందు డబ్బీ తీసింది, రూపాయి బిళ్ళంతది. "ఇవీ అట్టుకెల్లండి. ఆ మరలే పెట్టాలట. ఏరేవి పెడితే కన్నం పాడైపోద్దని మా ఆయన సెప్పీవోడు."

అన్నయ్య మూత తీశాడు. లోపల రెండు మరలు. తుప్పు లేదు. నూనెతో తడిగా మెరుస్తున్నాయి.

"ఈ నూనె ఎవరు రాసేరు?"

"ఆయనున్నన్నాళ్ళూ ఆయనే. ఏడాదికోసారి. మల్లీ ఎట్టడానికి ఎల్తే బిగుసుకుపోకూడదని. తరవాత నాను."

చోడవరం చేరేదాకా అన్నయ్య ఆ డబ్బీని జేబులో వేసుకోలేదు, గుప్పిట్లోనే పట్టుకున్నాడు. షెడ్డులో అప్పలరాజు బానెట్ ఎత్తి స్క్రూడ్రైవరు అందించాడు. అన్నయ్య దాన్ని తీసుకోలేదు. రేకు కన్నాల మీద ఆనించి, మొదటి మర పెట్టి వేళ్ళతో తిప్పాడు. అది ఎక్కడా పట్టకుండా, చివరిదాకా, మెత్తగా లోపలికి వెళ్ళింది.